నాలుగు మూలలకు ముందూ వెనకా: ఫొటో తీసిన కాగితాన్ని కోడ్‌తో తిన్నగా చేయడం

ఫోన్‌తో తీసిన కాగితం ఫొటోలో దగ్గరి అంచు వెడల్పుగా, దూరపు అంచు ఇరుగ్గా పడుతుంది. పక్క అంచులు పైకి పోయేకొద్దీ ఒకదానివైపు ఒకటి వాలతాయి. దాన్ని స్కానర్‌లో పెట్టి తీసినట్టు తిన్నగా మార్చడానికి బొమ్మలతో పనిచేసే కోడ్ లైబ్రరీ ఓపెన్‌సీవీలో రెండే ఫంక్షన్లు చాలు: గెట్‌పర్‌స్పెక్టివ్‌ట్రాన్స్‌ఫార్మ్, వార్ప్‌పర్‌స్పెక్టివ్. మొదటిది నాలుగు మూలల నుంచి మ్యాట్రిక్స్ (సంఖ్యల పట్టిక) తయారుచేస్తుంది. రెండోది ఆ మ్యాట్రిక్స్ ప్రకారం బొమ్మను మళ్లీ గీస్తుంది. ఈ రెండింటి దగ్గర తప్పు జరగడం చాలా అరుదు. ఏ మూలలిస్తే ఆ మూలలకు, ఏ కొలతలిస్తే ఆ కొలతలకు అవి సరైన జవాబే చెబుతాయి. చెడేదంతా వాటికి ముందూ వెనకా: మూలలు పట్టుకునే చోట, ఫలితం కొలతలు నిర్ణయించే చోట. ఈ రెండో సంగతిని ట్యుటోరియల్స్ ఎక్కువగా పట్టించుకోవు. అవి నేర్పే పద్ధతిలో నిలువు ఏ4 కాగితం అడ్డం కాగితంగా మారిపోయే సందర్భం కూడా ఉంది. లెక్క కిందే ఉంది.

మూడు బిందువులు ఎందుకు చాలవు

బల్లపరుపుగా ఉన్న కాగితానికీ దాని ఫొటోకూ మధ్య ఉన్న సంబంధమంతా ఒక 3×3 మ్యాట్రిక్స్‌లో ఇమిడిపోతుంది. దీన్ని హోమోగ్రఫీ అంటారు. అందులో తొమ్మిది సంఖ్యలున్నా, అన్నింటినీ ఒకే సంఖ్యతో గుణిస్తే ఫలితం మారదు కాబట్టి నిజంగా కనుక్కోవలసినవి ఎనిమిదే. ఒక్కో మూల ఎక్స్‌కు ఒకటి, వైకి ఒకటి చొప్పున రెండు సమీకరణాలిస్తుంది. నాలుగు మూలలతో ఎనిమిదీ తేలిపోతాయి. ఏ మూడు మూలలూ ఒకే సరళరేఖ మీద ఉండకూడదన్నది ఒక్కటే షరతు.

దీనికన్నా తేలికైన అఫైన్ మార్పుకు ఆరు సంఖ్యలు, మూడు బిందువులు చాలు. కానీ అది కాగితాన్ని తిప్పగలదు, సాగదీయగలదు, పక్కకు ఒరగదీయగలదు, అంతే. సమాంతర రేఖలను సమాంతరంగానే ఉంచుతుంది కాబట్టి ఒకదానివైపు ఒకటి వాలిన అంచులను అది విడదీయలేదు. అసలు తేడా మ్యాట్రిక్స్ మూడో వరుసలో ఉంది. ప్రతి బిందువుకూ మొదటి రెండు వరుసలు ఇచ్చిన విలువలను మూడో వరుస ఇచ్చిన సంఖ్యతో భాగించాలి. దగ్గరిది పెద్దగా, దూరానిది చిన్నగా కనబడటం ఆ భాగహారం వల్లే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. దీన్నే చివరిదాకా వాడుకోవచ్చు. 3000×4000 పిక్సెళ్ల నిలువు ఫొటో. అందులో ఏ4 కాగితం మూలలు: పైన ఎడమ (900, 1200), పైన కుడి (2100, 1200), కింద కుడి (2500, 2670), కింద ఎడమ (500, 2670). పై అంచు 1200 పిక్సెళ్లు, కింది అంచు 2000. కాగితం నడిమి బిందువు ఏ వరుసలో పడింది? పై కింది అంచుల సగటు తీస్తే 1935. అది తప్పు. కర్ణాలు ఖండించుకునే చోటే కాగితం నడిమి బిందువు, అది దాదాపు 1751వ వరుస. అంటే కాగితం పై సగానికి ఫొటోలో 551 వరుసలు దక్కితే, కింది సగానికి 919 దక్కాయి. ఒక్కో వరుసను విడిగా సాగదీసి ట్రెపీజియాన్ని దీర్ఘచతురస్రం చేసే చిట్కాలు కొన్ని చలామణిలో ఉన్నాయి. వాటిలో అంచులు తిన్నగానే వస్తాయి, అక్షరాలు మాత్రం పైన పొట్టిగా, కింద పొడుగ్గా మిగిలిపోతాయి.

మూలలు పట్టుకోవడం

అందరూ వాడే దారి ఇది. ఫొటోను ఎత్తు 500 పిక్సెళ్లకు కుదించి, ఎంత కుదించామో ఆ నిష్పత్తిని దాచిపెట్టుకోవాలి. గ్రేలోకి (రంగులు తీసేసి బూడిద ఛాయల్లోకి) మార్చి 5×5 గాసియన్ బ్లర్‌తో కొద్దిగా మసకబార్చాలి. అంచులు వెతికే క్యానీ ఫిల్టర్‌ను 75, 200 హద్దులతో నడిపి, వచ్చిన అంచుల మీద ఆకారాల చుట్టుగీతలు (కాంటూర్లు) తీసే ఫైండ్‌కాంటూర్స్ పిలవాలి. వైశాల్యం ప్రకారం పెద్దవి ఐదు ఏరి, ఒక్కోదాన్నీ అప్రాక్స్‌పాలీడీపీతో సరళం చేయాలి. చుట్టుకొలతలో 2 శాతం దాకా తేడాను అనుమతిస్తే సరిపోతుంది. నాలుగు శీర్షాలతో మిగిలిన మొదటి ఆకారమే కాగితం. కుదించడం వేగం కోసమే అనుకుంటారు గానీ, అసలు లాభం వేరు: ముద్రిత అక్షరాల అంచులు మసకబారి కాగితం అంచు ఒక్కటే గట్టిగా మిగులుతుంది.

నల్లటి బల్ల మీద తెల్ల కాగితం, సమంగా పడే వెలుతురు ఉంటే ఇది చక్కగా పనిచేస్తుంది. మిగతా చోట్ల చెడుతుంది. ఎందుకు చెడుతుందో తెలిస్తే హద్దుల విలువలు ఊరికే అటూ ఇటూ మార్చి చూసే పని తప్పుతుంది.

అన్నింటికన్నా ఎక్కువగా జరిగేది అంచు తెగిపోవడం. నీడ పడిన చోటో, బల్ల రంగు కాగితం రంగులో కలిసిపోయిన చోటో క్యానీ గీత పది పదిహేను పిక్సెళ్లు ఆగిపోతుంది. చూడటానికి చిన్న ఖాళీయే. కానీ కాంటూర్ ఒక ప్రాంతం చుట్టూ నడిచే గీత. గీత తెగితే అది కాగితం చుట్టూ తిరగదు, సన్నటి అంచు గీతకే ఒక పక్కన పోయి రెండో పక్కన వెనక్కి వస్తుంది. అప్పుడు దాని చుట్టుకొలత రెండింతలవుతుంది, వైశాల్యం దాదాపు సున్నా అవుతుంది. వైశాల్యం ప్రకారం పేర్చగానే అసలు కాగితమే జాబితాలో అట్టడుగుకు పోతుంది. దానికి బదులు కాగితం లోపల ఉన్న పట్టిక గడో, అచ్చు వేసిన పెట్టో మొదటి స్థానంలోకి వస్తుంది. మందు రెండు రకాలు: క్యానీ తర్వాత 5×5 లేదా 7×7 కెర్నెల్ (పిక్సెళ్ల చిన్న చతురస్రం)తో మార్ఫలాజికల్ క్లోజింగ్ చేసి ఖాళీలు పూడ్చడం ఒకటి, కాంటూర్ వైశాల్యానికి బదులు దాని కాన్వెక్స్ హల్ (బిందువులన్నింటి చుట్టూ దారం బిగించినట్టు వచ్చే ఆకారం) వైశాల్యం ప్రకారం పేర్చడం రెండోది. రెండూ కలిపి వాడితేనే మంచిది.

లేత రంగు బల్ల మీద తెల్ల కాగితం ఉంటే గ్రే బొమ్మలో అంచు లేనే లేదు. లేని దాన్ని ఏ హద్దూ పట్టలేదు. అలాంటప్పుడు రంగును పారేయకూడదు. హెచ్‌ఎస్‌వీలో (రంగు, గాఢత, వెలుగులను విడదీసి చూపే రూపంలో) శాచురేషన్ (గాఢత) ఛానెల్ మీద క్యానీ నడిపితే చెక్క బల్లకూ తెల్ల కాగితానికీ తేడా స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే వెలుగు ఒకేలా ఉన్నా రంగు గాఢత వేరు. ప్రతి ఛానెల్ మీదా విడిగా నడిపి వచ్చిన అంచులన్నింటినీ కలిపేయడం ఇంకా నమ్మకమైనది. తెల్ల బల్ల మీద తెల్ల కాగితానికి ఇదీ పనికిరాదు. కాగితం తన కింద వేసే సన్నటి నీడ ఒక్కటే అప్పుడు ఆధారం. అలాంటి ఫొటోలు ఎక్కువగా వస్తాయని తెలిస్తే, పేజీని గుర్తించేలా తర్ఫీదిచ్చిన సెగ్మెంటేషన్ మోడల్‌తో మాస్క్ (పేజీ ఏయే పిక్సెళ్లలో ఉందో చూపే బొమ్మ) తీసి, ఆ తర్వాత నుంచి ఇదే దారి పట్టడం మేలు.

మూల మడత పడినా, వేలు అడ్డొచ్చినా శీర్షాలు ఐదో ఆరో వస్తాయి. అనుమతించే తేడాను 2 నుంచి 5 శాతానికి పెంచితే నాలుగవుతాయి, నిజమే. కానీ ఆ నాలుగూ సరైన చోట ఉండవు. అప్రాక్స్‌పాలీడీపీ వాడేది 1973 నాటి డగ్లస్–ప్యూకర్ పద్ధతి. అది ఉన్న బిందువుల్లోంచే కొన్నింటిని ఏరుకుంటుంది, కొత్త బిందువును సృష్టించదు. మూల మడిచి ఉంటే మడత మీది బిందువునే మూల అంటుంది. అందుకే శీర్షాలను తుది జవాబుగా కాక, భుజాలను విడదీయడానికి ఆనవాళ్లుగా మాత్రమే తీసుకోవాలి. కాంటూర్ బిందువులను నాలుగు భుజాలకు పంచి, ప్రతి భుజంలో రెండు చివర్లా పదో వంతు వదిలేసి, మిగిలిన వాటి మీద ఫిట్‌లైన్‌ను హ్యూబర్ పద్ధతితో నడపాలి. దారితప్పిన కొన్ని బిందువులు గీతను లాగేయకుండా హ్యూబర్ ఆపుతుంది. పక్కపక్క గీతలు ఖండించుకునే చోటే మూల. మూల మడిచినా, వేలి కింద దాగినా, ఫొటో అంచు దాటి బయటికి పోయినా అది ఎక్కడ ఉండాలో ఈ లెక్క చెప్పేస్తుంది.

ఇంకో లాభం కచ్చితత్వం. 4000 ఎత్తున్న ఫొటోను 500కు కుదిస్తే ఎనిమిది రెట్ల తేడా. కుదించిన బొమ్మలో ఒక్క పిక్సెల్ తప్పితే అసలు ఫొటోలో ఎనిమిది పిక్సెళ్లు తప్పినట్టే. పైన చెప్పిన ఉదాహరణలో కాగితం కింది అంచున ఒక మిల్లీమీటరుకు తొమ్మిదిన్నర పిక్సెళ్లు వస్తాయి, అంటే తప్పు దాదాపు ఒక మిల్లీమీటరు. వందల బిందువుల మీద గీత గీస్తే పిక్సెల్‌లో కొంత భాగం దాకా సరిచూసుకోవచ్చు. ఇంకా కావాలంటే, దొరికిన ప్రతి భుజం చుట్టూ అసలు ఫొటోలో 20–30 పిక్సెళ్ల పట్టీ తీసుకుని అక్కడే అంచును మళ్లీ వెతికి గీతను సవరించాలి.

చివరగా, దొరికిన ఆకారాన్ని అనుమానించే కోడ్ నాలుగు వరుసలైనా ఉండాలి. ఆకారం కాన్వెక్స్‌గా (లోపలికి నొక్కు లేకుండా) ఉందా, ఫొటోలో కనీసం ఐదో వంతు ఆక్రమించిందా, ప్రతి కోణం 45 నుంచి 135 డిగ్రీల మధ్య ఉందా అని చూడాలి. ఏది తప్పినా మూలలను చేత్తో జరిపే తెర చూపించడమే సరి. తప్పు మూలలతో ధీమాగా కత్తిరించిన పేజీ కంటే, దొరకలేదని ఒప్పుకున్న ప్రోగ్రాం వాడేవాళ్లకు ఎక్కువ పనికొస్తుంది.

మూలల వరుస

మూలలు దొరికాక అవి ఏ వరుసలో ఉన్నాయో తేల్చాలి. బాగా ప్రచారంలో ఉన్న చిట్కా ఇది: ఎక్స్, వైల మొత్తం అతి తక్కువైనది పైన ఎడమ, అతి ఎక్కువైనది కింద కుడి, వైలోంచి ఎక్స్ తీసేస్తే అతి తక్కువ వచ్చేది పైన కుడి, అతి ఎక్కువ వచ్చేది కింద ఎడమ. కాగితం కాస్త అటూ ఇటూ ఒరిగినా ఇది నిలుస్తుంది. 45 డిగ్రీల దగ్గర కూలిపోతుంది. (100, 0), (200, 100), (100, 200), (0, 100) అనే నాలుగు మూలలు తీసుకుంటే మొత్తాలు 100, 300, 300, 100. తేడాలు −100, −100, 100, 100. అతి తక్కువ మొత్తం రెండింటికి, అతి తక్కువ తేడా రెండింటికి. నంపై (పైథాన్‌లో సంఖ్యల లెక్కల లైబ్రరీ) మొదట కనబడిన దాన్నే ఇస్తుంది కాబట్టి (100, 0) పైన ఎడమగానూ, పైన కుడిగానూ ఎంపికవుతుంది. రెండు మూలలు ఒకటే అయితే సరైన మ్యాట్రిక్స్ రాదు, ఫలితం అర్థంలేని చారలు.

దీనికి బదులు నాలుగు మూలల సగటు బిందువు చుట్టూ ఒక్కోదాని కోణం ఆర్క్‌ట్యాన్2తో కనుక్కుని ఆ వరుసలో పేర్చాలి. ఒకే మూల రెండుసార్లు రావడం అప్పుడు అసాధ్యం. ఎక్కడ మొదలుపెట్టాలన్నది మాత్రం విడిగా తేల్చుకోవాలి. మొత్తం అతి తక్కువ ఉన్నదాని నుంచి మొదలుపెడితే సాధారణంగా సరిపోతుంది. ఎలా చూసినా కాగితం తలకిందులుగా ఉందా లేదా అన్నది మూలలు చెప్పలేవు. అది లోపలి రాతను చూసి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను చదివే ప్రోగ్రాం) తేల్చవలసిన సంగతి.

కోడ్ రాసేటప్పుడు కాలు జారే చోట్లు కొన్ని ఇక్కడే ఉన్నాయి. కాంటూర్ నుంచి వచ్చిన మూలల ఆకృతి (4, 1, 2), దాన్ని (4, 2)గా మార్చుకోవాలి. గెట్‌పర్‌స్పెక్టివ్‌ట్రాన్స్‌ఫార్మ్ 32 బిట్ల ఫ్లోట్ తప్ప పూర్ణాంకాలు తీసుకోదు. ఫలితం కొలతలు ఇచ్చేటప్పుడు ముందు వెడల్పు, తర్వాత ఎత్తు. నంపై షేప్‌లో ముందు ఎత్తు. ఫైండ్‌కాంటూర్స్ మూడో వెర్షన్‌లో మూడు విలువలు, నాలుగో వెర్షన్‌లో రెండే ఇస్తుంది కాబట్టి పాత కోడ్ అతికిస్తే అక్కడే ఆగిపోతుంది. ఫోన్ ఫొటోల్లో ఎగ్జిఫ్ (ఫొటో ఫైల్లోనే దాచిన కెమెరా వివరాలు) కింద, ఫొటోను ఎటు తిప్పి చూపాలో చెప్పే ఓరియంటేషన్ అని ఒక ట్యాగ్ ఉంటుంది. ఓపెన్‌సీవీలో ఫొటో తెరిచే ఐఎమ్‌రీడ్ మామూలుగా దాన్ని చూసి ఫొటోను తిప్పే ఇస్తుంది, అన్‌చేంజ్డ్ ఫ్లాగ్ పెడితే తిప్పదు. పిల్లో అనే మరో లైబ్రరీ తనంతట తాను తిప్పదు, ఎగ్జిఫ్‌ట్రాన్స్‌పోజ్ పిలవాలి. ఒక లైబ్రరీతో మూలలు కనుక్కుని మరో లైబ్రరీతో తెరిచిన ఫొటోను కత్తిరిస్తే వచ్చే వింత ఫలితాలకు ఎక్కువసార్లు మూలం ఇదే.

ఫలితం ఎంత పొడవు, ఎంత వెడల్పు

ట్యుటోరియల్స్ చెప్పేది: పై అంచు, కింది అంచుల్లో పెద్దది వెడల్పు, ఎడమ, కుడి అంచుల్లో పెద్దది ఎత్తు. మన ఉదాహరణలో పెట్టి చూద్దాం. వెడల్పు 2000. పక్క అంచు 400 అడ్డం, 1470 నిలువు, అంటే పొడవు దాదాపు 1523. ఫలితం 2000×1523. అసలు కాగితం 210×297 మి.మీ., ఎత్తు వెడల్పుకు 1.414 రెట్లు. వచ్చినది 0.76 రెట్లు. నిలువు కాగితం అడ్డం తిరిగింది, అక్షరాలన్నీ నొక్కేసినట్టు సగం ఎత్తుకు కుంగిపోయాయి. అంచులు తిన్నగా, మూలలు లంబంగా ఉన్నాయి కాబట్టి కోడ్ పాసైనట్టే కనబడుతుంది.

ఫొటోలో అంచు పొడవు కాగితం అంచు పొడవు కాదు, అందుకే ఇలా అవుతుంది. కెమెరాకు దూరంగా వాలే దిశలో పొడవు కుదించుకుపోతుంది. ఎంత కుదించుకుందో తెలియాలంటే కెమెరా ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంత దగ్గరికి లాగి చూపిస్తుందో చెప్పే కొలత) కావాలి, అదీ పిక్సెళ్లలో. ఫొటో ఎగ్జిఫ్‌లో 35 మి.మీ. సమాన ఫోకల్ లెంగ్త్ (35 మి.మీ. ఫిల్మ్ కెమెరా లెక్కలోకి మార్చినది) తరచుగా ఉంటుంది. 35 మి.మీ. ఫ్రేమ్ కర్ణం 43.27 మి.మీ. మన ఫొటో కర్ణం 5000 పిక్సెళ్లు. సమాన ఫోకల్ లెంగ్త్ 26 మి.మీ. అయితే 26ను 5000తో గుణించి 43.27తో భాగిస్తే దాదాపు 3000 పిక్సెళ్లు.

ఇక నిష్పత్తి లెక్క చిన్నదే. ముందుగా మూలల విలువల్లోంచి ఫొటో మధ్య బిందువు (1500, 2000) తీసేయాలి. ఒక యూనిట్ చదరపు మూలల నుంచి ఈ నాలుగు మూలలకు హోమోగ్రఫీ కట్టాలి. మ్యాట్రిక్స్ మొదటి నిలువు వరుస కాగితం వెడల్పు దిశను, రెండోది ఎత్తు దిశను మోస్తాయి. ఒక్కో నిలువు వరుసలో మొదటి రెండు సంఖ్యలను ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, మూడోదాన్ని అలాగే ఉంచి, వెక్టర్ పొడవు కనుక్కోవాలి. ఆ రెండు పొడవుల నిష్పత్తే కాగితం వెడల్పు ఎత్తుల నిష్పత్తి. మన ఉదాహరణలో మొదటి నిలువు వరుస (1200, 0, 0), రెండోది (0, 1202, −0.4). 3000తో భాగిస్తే మొదటిది (0.4, 0, 0), పొడవు 0.4. రెండోది (0, 0.4007, −0.4), పొడవు 0.566. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 1.415. ఏ4 దొరికింది. రెండో వెక్టర్‌లో చివరి రెండు సంఖ్యలూ దాదాపు సమానం, అంటే కాగితం కెమెరా నుంచి 45 డిగ్రీలు వాలి ఉంది. పెద్ద వాలే, కానీ కూర్చున్న చోటి నుంచి లేవకుండా బల్ల మీది కాగితాన్ని ఫొటో తీస్తే ఇంత రావడం అసాధారణమేమీ కాదు.

ఎగ్జిఫ్ లేకపోతే ఫోకల్ లెంగ్త్‌ను కూడా మూలల నుంచే రాబట్టవచ్చు. కాగితం ఎత్తూ వెడల్పూ ఒకదానికొకటి లంబం అన్న ఒక్క సంగతి చాలు. రెండు నిలువు వరుసల మొదటి సంఖ్యల లబ్ధం, రెండో సంఖ్యల లబ్ధం కూడి, మూడో సంఖ్యల లబ్ధంతో భాగించి, గుర్తు మారిస్తే ఫోకల్ లెంగ్త్ వర్గం వస్తుంది. వైట్‌బోర్డు ఫొటోలను సరిచేయడానికి మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో జాంగ్, హీ వాడిన పద్ధతి ఈ కోవలోదే. దీనికి ఒక బలహీనత ఉంది, అది చాలా ఇబ్బంది పెట్టే చోటే ఉంది. మన ఉదాహరణలో పై అంచు కింది అంచుకు సమాంతరం. మొదటి నిలువు వరుస మూడో సంఖ్య సున్నా. లెక్క సున్నాను సున్నాతో భాగించమంటుంది. కాగితానికి ఎదురుగా కూర్చుని ఫోన్ ముందుకు వాల్చి తీసే ఫొటోలన్నీ ఇంతే. మూడో సంఖ్య సరిగ్గా సున్నా కాకపోయినా సున్నాకు దగ్గరగా ఉంటుంది, మూల ఒక పిక్సెల్ జరిగితే ఫోకల్ లెంగ్త్ రెట్టింపో సగమో అయిపోతుంది, ఒక్కోసారి వర్గమే రుణాత్మకంగా వస్తుంది. కాబట్టి ఎగ్జిఫ్ ఉంటే దాన్నే నమ్మాలి. మూలల నుంచి రాబట్టిన విలువను కాగితం రెండు దిశల్లోనూ వాలినప్పుడే వాడాలి. ఫొటోను ముందే ఎవరైనా కత్తిరించి ఉంటే మధ్య బిందువు కూడా మారిపోయి ఉంటుంది, అప్పుడు రెండు పద్ధతులూ పక్కదారి పడతాయి.

నిష్పత్తి వచ్చాక దాన్ని తెలిసిన కొలతలకు సర్దడం తెలివైన పని. ఏ4కు 1.414, అమెరికన్ లెటర్ సైజుకు 1.294, బ్యాంకు కార్డుల కొలత 85.60×53.98 మి.మీ. కాబట్టి 1.586. లెక్కలో వచ్చినది వీటిలో దేనికైనా 3 శాతం లోపు ఉంటే ఆ విలువే తీసుకోవచ్చు. రసీదులకు, చింపిన కాగితాలకు ఇలా సర్దకూడదు, వచ్చిన నిష్పత్తినే ఉంచాలి.

కెమెరా చూడని పిక్సెళ్లు

కొలతలు సరిగ్గా వచ్చాక ఏ4ను 300 డీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున), అంటే 2480×3508 పిక్సెళ్లలో గీయించవచ్చు. బొమ్మ పెద్దదిగా వస్తుంది, సమాచారం మాత్రం అంత ఉండదు. మన ఉదాహరణలో కింది అంచున అడ్డంగా 2000 పిక్సెళ్లు 210 మి.మీ.లో ఉన్నాయి, అంటే 242 డీపీఐ. పై అంచున 145. నిలువు దిశలో పరిస్థితి ఇంకా హీనం. అడ్డం సాంద్రత దూరానికి విలోమంగా తగ్గితే, వాలే దిశలో సాంద్రత దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. కింద 210 డీపీఐ ఉన్నది పైకి పోయేసరికి 75 డీపీఐ అవుతుంది. 75 డీపీఐ అంటే మిల్లీమీటరుకు మూడు పిక్సెళ్లు. ద, ధల మధ్య, ప, ఫల మధ్య తేడా చూపే కింది చిన్న గీతకు అర మిల్లీమీటరు ఎత్తుంటే దానికి దక్కేది ఒకటిన్నర పిక్సెల్. వార్ప్ చేశాక పేజీ పైభాగం మసగ్గా ఉందని షార్ప్‌నింగ్ పెంచేవాళ్లు కనిపిస్తారు. అక్కడ పదును పెట్టడానికి ఏమీ లేదు, కెమెరా ఆ గీతను అసలు నమోదే చేయలేదు.

కాబట్టి వాలు కోణాన్ని పైన చెప్పిన లెక్కతో ముందే కనుక్కుని, 30 డిగ్రీలు దాటితే మళ్లీ తీయమనడం మొత్తం కోడ్‌లో అన్నింటికన్నా విలువైన వరుస. ఫలితం కొలత కూడా ఫొటోలోని అత్యధిక సాంద్రతను మించి అక్కర్లేదు. ఇక్కడ 242 ఉంది కాబట్టి 250 డీపీఐ, అంటే 2067×2923 చాలు. 600కు పెంచితే ఫైలు బరువు తప్ప ఏమీ పెరగదు.

వార్ప్‌పర్‌స్పెక్టివ్ ఫలితంలోని ప్రతి పిక్సెల్‌కూ అసలు ఫొటోలో అది ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెతుకుతుంది. మ్యాట్రిక్స్‌ను తిరగేసే పని అదే చేసుకుంటుంది. ముందే తిరగేసి ఇస్తే ఇన్వర్స్‌మ్యాప్ ఫ్లాగ్ కూడా పెట్టాలి, లేకపోతే రెండుసార్లు తిరుగుతుంది. వెతికిన చోటు రెండు పిక్సెళ్ల మధ్య పడుతుంది కాబట్టి చుట్టుపక్కల విలువల నుంచి లెక్కగడుతుంది. మామూలుగా వాడేది లీనియర్, నాలుగు పొరుగు పిక్సెళ్లతో. సాగదీసే చోట క్యూబిక్ అక్షరాల అంచులను కొంత మెరుగ్గా ఉంచుతుంది. కుదించే చోట రెండూ మధ్యలో పిక్సెళ్లను దాటేసి సన్నటి గీతలను తుంచేస్తాయి. కుదించేటప్పుడు పిక్సెళ్ల సగటు తీసే ఏరియా పద్ధతి పెడదామంటే ఈ ఫంక్షన్ దాన్ని పట్టించుకోకుండా లీనియర్‌గానే చేస్తుంది. చిన్న బొమ్మ కావాలంటే ముందు పెద్దదిగా వార్ప్ చేసి, తర్వాత రీసైజ్‌లో ఏరియా వాడాలి. తిప్పడం, అంచు వదలడం వంటివి విడివిడిగా చేయకుండా మ్యాట్రిక్స్‌లనే గుణించి ఒక్కసారే వార్ప్ చేయాలి. ప్రతి వార్ప్ కొంచెం మసకబారుస్తుంది. మధ్యలో జేపెగ్‌గా సేవ్ చేసి మళ్లీ తెరవడం కూడా అంతే, నడిమి దశలకు పీఎన్‌జీ వాడాలి.

వెలుతురు

తిన్నగా చేశాక కాగితాన్ని తెల్లగా చేయాలి. ఒకే హద్దుతో నలుపు తెలుపు చేసే ఓట్సు పద్ధతి నీడ పడిన ఫొటోలో నీడనంతా నల్లగా చేసేస్తుంది. ముందు కాగితం నేపథ్యాన్ని అంచనా వేయడం మంచిది. గ్రే బొమ్మను 15×15 కెర్నెల్‌తో డైలేట్ చేస్తే (తెల్లటి భాగాలను ఉబ్బిస్తే) అక్షరాలు కరిగిపోయి కాగితం వెలుగు మాత్రం మిగులుతుంది, 21 సైజు మీడియన్ బ్లర్‌తో దాన్ని నున్నగా చేయాలి. అసలు బొమ్మను దీనితో భాగించి 255తో గుణిస్తే నీడ పోతుంది. ఆ తర్వాత ఓట్సు కూడా బాగానే పనిచేస్తుంది. అడాప్టివ్ థ్రెషోల్డ్ (ఒక్కో పిక్సెల్‌కు దాని చుట్టూ ఉన్న బ్లాక్ సగటును బట్టి విడి హద్దు పెట్టే పద్ధతి) వాడితే బ్లాక్ సైజు చూసుకోవాలి. కుదించిన బొమ్మలకు సరిపోయే 11ను 300 డీపీఐ పేజీ మీద పెడితే లావు శీర్షికల అక్షరాలు లోపల డొల్లగా, అంచులు మాత్రమే నల్లగా మిగులుతాయి. బ్లాక్ మొత్తం అక్షరం లోపలే పడి, అక్కడి సగటే నలుపైపోవడం దీనికి కారణం. 31 నుంచి 51 మధ్య బేసి సంఖ్య తీసుకోవాలి. ఓసీఆర్‌కు పంపేదైతే నలుపు తెలుపు చేయకుండా నీడ తీసిన గ్రేనే పంపి చూడటం మంచిది, చాలాసార్లు అదే నయం.

హోమోగ్రఫీ చేతకాని చోట

ఇంతవరకు చెప్పినదంతా కాగితం సమతలంగా ఉందని, కెమెరా తిన్నటి గీతను తిన్నగానే చూపిస్తుందని నమ్మి చెప్పినది. వైడ్ లెన్స్ అంచుల దగ్గర గీతలు బయటికి ఉబ్బుతాయి. అప్పుడు నాలుగు మూలలూ సరిగ్గా కుదిరినా భుజాల మధ్యభాగం గీత దాటి ఉంటుంది. దీనికి చదరంగం గళ్ల బొమ్మతో కెమెరాను క్యాలిబ్రేట్ చేసి (లెన్స్ వంపు ఎంతో కొలిచి), మూలలు వెతకకముందే పూర్తి ఫొటో మీద ఆ వంపును తీసేసే అన్‌డిస్టార్ట్ నడపాలి. వార్ప్ తర్వాత చేస్తే లెన్స్ మధ్య బిందువు ఎక్కడుందో తెలియదు కాబట్టి పనికిరాదు.

నడిమికి మడిచి తెరిచిన కాగితం రెండు సమతలాలు. మడత గీతను పట్టుకుని రెండు సగాలకూ విడివిడిగా హోమోగ్రఫీ కట్టి, మడత దగ్గర అతికించవచ్చు. తెరిచిన పుస్తకం పేజీ మాత్రం వంపు తిరిగిన తలం. అక్కడ రాతలోని పంక్తుల కింది గీతలను వెతికి, వాటి వంపును బట్టి పేజీ ఆకారాన్ని అంచనా వేయాలి. ఏ పేజీ ఏ కోవలోదో తెలుసుకోవడానికి తేలిక పరీక్ష ఒకటుంది. సరిచేసిన బొమ్మలో పై పంక్తి, నడిమి పంక్తి, చివరి పంక్తి తీసుకుని, ఒక్కోదాని అక్షరాల అడుగు బిందువుల మీద సరళరేఖ కుదిర్చి చూడాలి. మూడూ తిన్నగా ఉండి కొద్దిగా ఒరిగి ఉంటే మూలల్లో తప్పుంది, వాటిని సవరిస్తే చాలు. బిందువులు గీతకు మధ్యలో ఒక పక్క, చివర్లలో మరో పక్క మూడు నాలుగు పిక్సెళ్లకు మించి జరిగి ఉంటే వంపు లెన్స్‌దో కాగితానిదో అయి ఉంటుంది, మూలలను ఎంత జరిపినా అది పోదు.